గట్టిపడని వెన్న

మా మేనత్తను అందరూ వెన్నత్త అనేవాళ్ళు. పాల వ్యాను నడిపేవాళ్ళు, గడ్డి మోపులు దించేవాళ్ళు, చివరికి ఆమెకన్నా వయసులో పెద్దదైన పక్కింటి ముసలమ్మ కూడా. "నీకు కూడా అత్తనేనా నేను?" అని మొదట్లో ముసలమ్మ మీద కస్సుమన్నా, ఆ పిలుపు ఆమెకు లోలోపల ఇష్టమే. ఆమె కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో ఉన్నవి రెండు బక్క ఆవులు, నోట్లో నాలుక లేని మొగుడు. ఆ ఇద్దరినీ, అంటే ఆవుల్నీ మొగుణ్ణీ, తనే మేపి దారికి తెచ్చానని నవ్వుతూ చెప్పుకునేది. కొట్టం పెరిగింది. ఇంటి వెనక వెన్న గది లేచింది. పట్నంలోని పెద్ద బేకరీ వాళ్ళు వెన్నత్త వెన్న తప్ప మరొకటి ముట్టుకోమనే రోజు వచ్చింది.

వెన్న గది చిన్నదే. ఎండ పడని వైపు ఒక కిటికీ, నేలకు నున్నటి బండలు, గోడ వారగా మీగడ తీసే యంత్రం, చిలికే పీపా, మధ్యలో రాతి బల్ల. ఉల్లిపాయ తరిగిన చేత్తో ఎవరూ ఆ గడప దాటకూడదు. ఏ వాసన తగిలినా వెన్న పీల్చేసుకుంటుందని ఆమె భయం. చిలకడం దాకా యంత్రం పని, ఆ తర్వాతది చేతి పని. అందరూ వెన్నముద్దను చెక్క తెడ్లతో నొక్కి, లోపల మిగిలిన మజ్జిగ పిండేస్తారు. వెన్నత్త తెడ్లు ముట్టేది కాదు. చల్లటి నీళ్ళలో చేతులు ముంచుకుని అరచేతులతోనే నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కేది. లోపల ఒక్క చుక్క మిగిలినా తన అరచెయ్యి పసిగడుతుందనేది. ఆ చేతులు నిజంగానే ఎప్పుడూ చల్లగా ఉండేవి. ఇరుగుపొరుగు పిల్లలకు జ్వరం వస్తే, "కాసేపు నీ చెయ్యి నుదుటి మీద పెట్టి పో" అని తల్లులు పిలుచుకు వెళ్ళేవారు. వెన్న చేసే చెయ్యి పుట్టుకతో రావాలి, నేర్చుకుంటే వచ్చేది కాదు అని ఆమె గట్టి నమ్మకం.

కొట్టంలో ఆమెకు ప్రాణం చుక్కావు. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉన్న ఎర్రావు అది. తన్నదు, పొడవదు, పాలు ఎగచేపి దాచుకోవడం తెలియదు. చెయ్యి వేస్తే చాలు, బకెట్టు నిండేది. దాని కడుపున పుట్టిన పెయ్యల్ని ఒక్కదాన్నీ అమ్మలేదు. ఆ పెయ్యలకు పుట్టిన పెయ్యల్నీ అమ్మలేదు. వాటికి చోటు చాలక మిగతా ఆవుల్నే ఒక్కొక్కటిగా బయటికి పంపింది. మామయ్య ఒకసారి ధైర్యం చేసి, "అన్నీ ఒకే కొమ్మ కాయలైతే ఎట్లాగే?" అన్నాడట. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? మంచి తల్లికి మంచి పిల్లలే" అని ఆమె సామెత విసిరింది. సామెతకు ఎదురు చెప్పడం మామయ్యకు ఏనాడూ రాలేదు. కొన్నేళ్ళకు, కొట్టంలోకి తొంగిచూస్తే సగానికి పైగా నుదుళ్ళ మీద అదే తెల్లమచ్చ.

ఆ ఇంట్లోకి కోడలు వచ్చింది. కొడుకు పాల వ్యాను నడుపుతూ, పట్నంలో ఒక దర్జీ అమ్మ కూతుర్ని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. నెమ్మదస్తురాలు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. వచ్చిన కొద్దిరోజులకే, "అత్తయ్యా, నాకూ వెన్న పని నేర్పండి" అని తనే అడిగింది. వెన్నత్త పైకి బెట్టు చేసినా ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నదట. పిల్లలో ఒకే ఒక లోపం. ఎవరైనా కన్నార్పకుండా చూస్తుంటే ఆమె అరచేతులకు చెమట పట్టేది. అది తల్లి నుంచి వచ్చింది. ఆ తల్లి కుట్టేటప్పుడు బట్టకు మరకలు అంటకుండా చేతులకు పౌడరు రాసుకుంటుందని అమాయకంగా కోడలే చెప్పింది.

ఆ ఏడాది ఎండుగడ్డి రోజుల్లో వెన్న గట్టిపడలేదు.

పచ్చగడ్డి మేసే రోజుల్లో వెన్న పసుపుగా, కాస్త మెత్తగా ఉండటం మామూలే. ఎండుగడ్డి రోజుల్లో మాత్రం అది చాకుకు ఎదురు తిరగాలి. ఈసారి చాకు దిగినచోట జారింది. బేకరీ ఆయన ఫోను చేశాడు. పిండిని మడతలు పెట్టి, మడతకూ మడతకూ మధ్య వెన్న పరిచి, పొరలు పొరలుగా కాల్చే రొట్టెలు ఆయన పేరు నిలబెట్టినవి. ఇప్పుడు వెన్న పొరల మధ్య నిలబడకుండా కారిపోతోందని, పొరలన్నీ అతుక్కుని రొట్టె అట్టముక్కలా వస్తోందని వాపోయాడు.

వెన్నత్త పద్ధతిగానే ఆలోచించింది. గడ్డి ఎండుదే. దాణా మారలేదు. యంత్రం విప్పి కడిగించింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయి. గదిలో కొత్తగా వచ్చినదేమిటి? కోడలు. ఆమెకు అంతకు మించి వెతకాలనిపించలేదు. చుక్కావు సంతానం కూడా ఆ కొట్టంలోకి కొత్తగా, ఒక్కొక్కటిగా వచ్చి చేరిందే కదా అన్నది తట్టనేలేదు. ప్రాణంలా చూసుకునేవాటిని ఎవరు అనుమానిస్తారు?

మర్నాడు కోడల్ని వెంటబెట్టుకుని బేకరీకి వెళ్ళింది. వెనక గదిలో పిండి పిసికేవాళ్ళు, పళ్ళేలు కడిగేవాళ్ళు అంతా ఉన్నారు. వెన్నత్త కోడలి చెయ్యి పట్టుకుని బేకరీ ఆయన అరచేతిలో పెట్టింది.

"చూడండి. ఇది చెయ్యా, కుంపటా? వాళ్ళమ్మదీ ఇంతే, పౌడరు రాసుకుంటే గానీ కత్తెర నిలవదట. ఇక నా వెన్నేం నిలుస్తుంది?"

ఆయన ఇబ్బందిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిండి పిసికేవాళ్ళలో ఒకతను, "పొయ్యి ఆరిపోయినప్పుడు మా దగ్గరికి పంపండి వెన్నత్తా, గ్యాసు మిగులుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. కోడలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఎన్నో రోజులు వెన్నత్తను నిద్రపోనివ్వనిది ఆ నవ్వే. తన మీద తనకే నవ్వు వచ్చినట్టు, మిగతావాళ్ళ నవ్వు చెడిపోకుండా చూసుకున్నట్టు నవ్విందట.

ఆనాటి నుంచి కోడలు పనికి ముందు మంచుముక్కల బేసిన్లో చేతులు పెట్టుకుని కూర్చునేది. వేళ్ళు తెల్లబడేదాకా పెట్టి, తుడుచుకుని, గబగబా వెన్న దగ్గరికి వచ్చేది. వెన్న మాత్రం మారలేదు. మంచు ఇంకాస్త ఎక్కువ పోసుకునేది. వెన్నత్త చూసింది. చూసి వద్దనలేదు. "శ్రద్ధ ఉంది పాపం, చెయ్యే లేదు" అని పక్కింటి ముసలమ్మతో అంది. కొన్నాళ్ళకు ఆ వేళ్ళు ఎర్రగా వాచి, కణుపుల దగ్గర చీలికలు పడ్డాయి. ఒక చీలిక చీము పట్టింది. కొడుకు అది చూసి తల్లితో ఒక్క మాటా మాట్లాడకుండా భార్యను వ్యానెక్కించి ఆమె పుట్టింట్లో దించి వచ్చాడు. వెళ్ళేముందు కోడలు గుమ్మంలో ఆగి, నయమయ్యాక తెడ్లతో ప్రయత్నిస్తానని చెప్పింది. చూద్దాంలే, ముందు పద, అంది వెన్నత్త.

మర్నాడు పొద్దున్నే వెన్నత్త ఒంటరిగా వెన్న గదిలోకి వెళ్ళింది. పీపా తిప్పింది. వెన్న కడిగింది. తన చల్లటి చేతులతో ముద్దను బల్ల మీద నొక్కింది. వెన్న నిలబడలేదు. వేళ్ళ సందుల్లోంచి జారి, బల్ల మీద పరుచుకుంది. చేతుల్ని మళ్ళీ నీళ్ళలో ముంచి మళ్ళీ నొక్కింది. అంతే. లోపల ఒక్క మజ్జిగ చుక్కను పసిగట్టే అరచేతికి ఆ మెత్తదనం ఈ రోజుది కాదనీ అర్థమైంది. కొంతకాలంగా వెన్నను ఫ్రిజ్‌లో ఎక్కువసేపు ఉంచుతూ వస్తోంది తనే. కడిగే నీళ్ళలో మంచు వేయించడం మొదలుపెట్టింది తనే. కోడలు ఆ ఇంటి గడప తొక్కకముందే. ఆ పనులన్నీ చేస్తూ, ఎందుకు చేస్తోందో తనకు తాను చెప్పుకోలేదు.

అప్పుడే వ్యానులో కొడుకు పక్కన కూర్చుని కోడలి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదమ్మా అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆమె అలా చెయ్యలేదు. ముఖానికి కొంగు చుట్టుకుని పట్నంలో తననెవరూ ఎరగని వీధిలో మరో డెయిరీవాళ్ళ గట్టి వెన్న కొని తెచ్చింది. దాన్ని తన వెన్నలో కలిపి పిసికి, తన అచ్చు గుద్ది, బేకరీకి పంపింది. బేకరీ ఆయన ఫోను చేసి, పొరలు రేకుల్లా విడివిడిగా వచ్చాయని సంబరపడ్డాడు. చివర్లో, "కోడలి చెయ్యి తగలకపోతే ఎంత తేడానో చూశారా!" అన్నాడు.

వెన్నత్త "ఊఁ" అంది.

ఆ ఒక్క అక్షరం గురించి ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. తెలియక అన్న మాటలు కోడలి చేతులను కోశాయి. తెలిసి అన్న ఆ "ఊఁ" మాత్రం తననే కోసిందట. కొన్న వెన్న కలపడం ఒకరోజుతో ఆగలేదు. అబద్ధం కూడా పాడి ఆవు లాంటిదే, రోజూ మేపాలి.

చూడి ఆవును పరీక్షించడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆమె చేతులు కడుక్కుంటుంటే వెన్నత్త నీళ్ళు పోస్తూ, ఎవరో అడగమన్నట్టు అడిగింది: ఒకే గడ్డి తిని, ఒకే కొట్టంలో ఉన్నా, ఒక ఆవు వెన్న గట్టిగా, ఇంకో ఆవు వెన్న మెత్తగా ఉంటుందా అని.

"ఎందుకుండదమ్మా?" అంది డాక్టరమ్మ. "పాలలో కొవ్వంతా ఒకటే రకం కాదు. చల్లగా ఉంటే గడ్డకట్టేది కొంత, చల్లగా ఉన్నా జారుతుండేది కొంత. ఏది ఎంతన్నది మేత కొంచెం మారుస్తుంది. మిగతాది తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తుంది. మీ కొట్టంలో ఎటు చూసినా ఒకే మచ్చ కనిపిస్తోంది. మచ్చ దిగినట్టే వెన్న గుణమూ దిగుతుంది." కొంచెం ఆగి, మెత్తని వెన్న చెడ్డదేమీ కాదని, రొట్టె మీద రాసుకునేవాళ్ళకు అదే హాయని కూడా చెప్పింది. వెన్నత్త చెవికి ఆ చివరి మాట ఎక్కలేదు.

ఆ సాయంత్రం ఒక్కో ఆవు మీగడను ఒక్కో సీసాలో వేరుగా పోసింది. అటక మీది పాత మందు సీసాలు దించి, ఉడకబెట్టి, మూతలకు ఆవుల గుర్తులు కట్టింది. ఒక్కోదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊపుతూ కూర్చుంది. ఉసిరికాయంత వెన్న వచ్చాక ముద్దలన్నీ ఒక పళ్ళెంలో వరసగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. తెల్లారాక పళ్ళెం బయటికి తీసి, ఒక్కోదాని మీద బొటనవేలు ఆనించింది. మచ్చ లేని ఆవుల ముద్దలు వేలిని ఆపాయి. చుక్కావు ముద్దలోకి వేలు దిగిపోయింది. దాని కూతుళ్ళవీ, మనవరాళ్ళవీ అంతే. ఒక్క మనవరాలిది మాత్రం గట్టిగా ఉంది. దాని ముందు ఆమె చాలాసేపు నిలబడిపోయింది. అదొక్కటైనా తనను వెనకేసుకొస్తుందేమోనని ఆశపడినట్టు.

మామయ్య పాల బకెట్లతో అటుగా వచ్చి పళ్ళెం చూశాడు. వేలి గుంటలు చూశాడు.

"తప్పెవరిదో తేలిందా?" అన్నాడు.

"ఆవుది."

"ఆవుదా?" అన్నాడు మామయ్య. "నన్నూ నా పిల్లల్నీ ఉంచి మిగతావాటిని అమ్మెయ్యమని ఆవు అడగలేదుగా."

నోట్లో నాలుక లేదనుకున్న మనిషి అంతమాట అని, బకెట్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా వెన్నత్త నోరు విప్పలేదు. కోడలి చేతులు మానుతున్నాయని, తిరిగి వచ్చాక మెల్లగా, మాటల్లో మాటగా చెప్పవచ్చని తనను తాను జోకొట్టుకుంది. ఒకనాడు కొడుకు అన్నం ముందు కూర్చుని, తల్లి ముఖం చూడకుండా చెప్పాడు. "అది వాళ్ళమ్మ దగ్గరే కుట్టుపని చేసుకుంటానంటోంది. ఇంటికొస్తుందట గానీ వెన్న గదిలోకి రాదట. వెన్న మళ్ళీ బాగా వస్తోందని తెలిసి ఎంత సంతోషపడిందో. 'నా వల్ల అత్తయ్య పేరు పోలేదు, అదే పదివేలు' అంది."

వెన్నత్త కంచం ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, కొడుకునే వ్యాను తియ్యమంది.

వియ్యపురాలి ఇల్లు మేడ మీద ఒకే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, తాడు మీద సగం కుట్టిన జాకెట్లు, మూలన పౌడరు డబ్బా. "రండి వదినగారూ" అని ఆవిడ కుర్చీ దులిపింది. ఆ మర్యాదకు వెన్నత్త ప్రాణం చచ్చిపోయింది. ఈ మనిషి చేతుల గురించే కదా తను బేకరీలో అంతమంది ముందు అన్నది. కుర్చీలో కూర్చోలేక నిలబడే చెప్పింది. వెన్న మెత్తబడింది ఆవుల వల్ల, ఆ ఆవుల్ని ఏరి ఏరి పెంచింది తను, పిల్ల చేతుల్లో ఏ దోషమూ లేదు.

కోడలు వింటూ దారం ముడి విప్పుతోంది. వేళ్ళ మీద కొత్త చర్మం గులాబిరంగులో మెరుస్తోంది.

"ఎప్పుడు తెలిసింది అత్తయ్యా?"

వెన్నత్త అబద్ధం చెప్పడానికి అది చివరి అవకాశం. నిన్ననే అనవచ్చు. డాక్టరమ్మ చెప్పాకనే అనవచ్చు.

"నువ్వెళ్ళిన మర్నాడే."

"మరి బేకరీ ఆయన బాగుందన్నాడని..."

"అది నా వెన్న కాదు. కొని కలిపాను."

తల్లి తల దించుకుని బట్ట సర్దుతోంది. కోడలు దారం పక్కన పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు.

"తెలియక అన్నారు, సరే. ఎవరైనా అంటారు. తెలిశాక కూడా ఇన్నాళ్ళూ నా చేతుల్ని నేనే అసహ్యించుకునేలా వదిలేశారు. అమ్మకు అన్నం వడ్డించాలన్నా గరిటె గుడ్డతో పట్టుకున్నాను."

వెన్నత్త క్షమించమనబోయింది గానీ, అది కూడా ఈ పిల్లనే ఏదో ఇమ్మని అడగడం అవుతుందనిపించి ఆగిపోయిందట.

"నాకు ఇక్కడ చెబితే చాలదు" అంది కోడలు. "ఆ మాట అక్కడ అన్నారు. అక్కడే చెప్పండి."

మర్నాడు బేకరీ వెనక గదిలో, అదే మనుషుల ముందు, వెన్నత్త చెప్పింది. కోడలు గుమ్మం దగ్గర నిలబడింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆవులు, మచ్చలు, సీసాలు అంటూ ఆమె ఎక్కడెక్కడికో వెళుతుంటే బేకరీ ఆయన మర్యాదకు తల ఊపాడు. "పోనీలెండమ్మా, అదేం పెద్ద విషయం" అన్నాడు. అది పెద్ద విషయమేనని ఆయనకు తెలియాలంటే మిగతాదీ చెప్పాలి. మీరు మెచ్చుకున్నది ఈ పట్నంలోనే కొన్న ఇంకొకరి వెన్న, నాదాంట్లో కలిపి నా అచ్చు గుద్ది పంపాను, అంది. ఆయన ముఖంలో మర్యాద ఆరిపోయింది. పక్కవీధిలో దొరికే వెన్న మీ చేతుల మీదుగా తెప్పించుకోవడం ఎందుకు, నేనే కొనుక్కుంటాను, అన్నాడు. మళ్ళీ పంపవద్దన్నాడు. గ్యాసు జోకు వేసినతను పిండి మీంచి కళ్ళెత్తలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తనను చూసి ఎవరైనా నవ్వితే బాగుండునని వెన్నత్తకు అనిపించింది.

కోడలు ఇంటికి తిరిగివచ్చింది, వెన్న గదిలోకి కూడా. ఒక షరతు పెట్టింది. తను పని చేస్తున్నంతసేపూ అత్తయ్య లోపలికి రాకూడదు, చూడకూడదు. వెన్నత్త ఒప్పుకుంది. కోడలు తెడ్లతోనే పిసుకుతుంది. మచ్చ ఆవుల మీగడ వేరు, మిగతావాటిది వేరు. గట్టి వెన్న ఒక చిన్న మిఠాయి దుకాణానికి పోతుంది. మెత్తనిది డబ్బాల్లో పెట్టి, రొట్టెకు రాసుకునే వెన్న అని బోర్డు రాసి, మిగిలిన గట్టిదాని పక్కనే గేటు దగ్గర అమ్ముతారు. చుక్కావు వంశానికి ఇప్పుడు వేరే జాతి కోడె విత్తనం ఎక్కిస్తున్నారు. పుట్టబోయే పెయ్యలు ఎలాంటి వెన్న ఇస్తాయో అవి ఎదిగి ఈనేదాకా తెలియదు. డాక్టరమ్మ కూడా మాట ఇవ్వలేనంది.

గేటు దగ్గర అమ్మడం వెన్నత్త పని. మొన్న నేను వెళ్ళినప్పుడు, స్కూటరు మీద వచ్చిన ఒకాయన బోర్డు చదివి, రెండు రకాల వెన్నకూ తేడా ఏమిటని అడిగాడు. వెన్నత్త డబ్బా చేతిలో పట్టుకునే మొదలుపెట్టింది. ఇందులో మా కోడలి తప్పేమీ లేదండీ, పిల్ల చేతులు బంగారం, నేనే నలుగురిలో దాని చెయ్యి పట్టుకుని... ఆయన ఒక కాలు నేల మీద, ఒక కాలు స్కూటరు మీద పెట్టుకుని తెల్లబోయి వింటున్నాడు. వెన్న గది కిటికీలోంచి కోడలి గొంతు వినిపించింది.

"అత్తయ్యా, ఆయన అది అడగలేదు. ఉప్పు వేసినదీ వెయ్యనిదీ ఉన్నాయేమో చెప్పండి."

వెన్నత్త ఆగింది. "రెండూ ఉప్పు వెయ్యనివేనండీ" అని ఆయనకు డబ్బా అందించింది. ఆయన వెళ్ళిపోయాక కూడా గేటు పట్టుకుని నిలబడి, చెప్పాల్సిన మిగతా సగం పెదవుల్లోనే చెప్పుకుంటూ ఉండిపోయింది.